అకార్డియన్ కొంటున్నారా? ముందు బెలోస్ వేలాడదీసి చూడండి

(ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత అకార్డియన్ల మీదే ఉన్నాయి. ఎందుకో తెలీదు కానీ సంతోషమే. వీణకి మేళం (మైనంలో మెట్ల అమరిక) కట్టించడం గురించి అడిగినవాళ్లు, వయొలిన్ తీగల గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, మీవి వచ్చే సంచికలో.)

ప్రశ్న: సార్, నా వయసు 36. చిన్నప్పుడు మా ఊరి ఆర్కెస్ట్రాలో ఒకాయన అకార్డియన్ వాయిస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. ఇన్నాళ్లకి కొనుక్కునే వీలు చిక్కింది. కీబోర్డు కాస్త వచ్చు. నా బడ్జెట్ 30 వేలు. సెకండ్ హ్యాండ్‌లో రెండు దొరికాయి. ఒకటి 120 బేస్, జర్మనీది, 28 వేలు. "రెండు మూడు మెట్లు పలకట్లేదు, చిన్న సర్వీసింగ్ చేయిస్తే సరిపోతుంది" అంటున్నాడు అమ్మేవాడు. రెండోది 48 బేస్, చైనాది, 22 వేలు, అన్నీ పలుకుతున్నాయి. కొంటే పెద్దదే కొను, జీవితాంతం ఉంటుంది అంటున్నాడు మా ఫ్రెండ్. పాత హిందీ పాటలు, పాత తెలుగు పాటలు వాయించుకోవాలని నా కోరిక. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 48 బేస్ తీసుకోండి, అదీ నేను కింద చెప్పిన పరీక్షలన్నీ పాసైతేనే. మీ ఫ్రెండ్ అకార్డియన్‌ని భుజాన వేసుకుని గంటసేపు కూర్చున్న మనిషి కాడని ఆ సలహాలోనే తెలిసిపోతోంది.

బేస్ సంఖ్య అంటే ఎడమచేతి వైపు ఉండే బొత్తాల లెక్క, అంతే. అది క్వాలిటీ కొలత కాదు. 120 బేస్ పెట్టెకి కుడివైపు మామూలుగా 41 మెట్లు ఉంటాయి, బరువు పది కిలోలు దాటుతుంది. 48 బేస్‌కి ఎక్కువగా 26 మెట్లు, బరువు ఐదారు కిలోలు. మీరు అనుకుంటున్న పాటల్లో చాలావాటికి రెండు స్థాయిల పైచిలుకు చాలు. నేర్చుకునే మొదటి ఏడాదిలో 120 బొత్తాల్లో మీ వేళ్లు తిరిగేది ఏ ఇరవై ముప్ఫై మధ్యనో. మిగతావన్నీ ఊరికే మోసుకు తిరగాలి.

ఇక "రెండు మూడు మెట్లు పలకట్లేదు" అనే మాట. దీని దగ్గర కాస్త ఆగుదాం, కొత్తవాళ్ల డబ్బులు పోయేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి. అకార్డియన్ లోపల ఉండేవి సన్నటి ఉక్కు నాలుకలు, వాటినే రీడ్లు అంటాం. బెలోస్ (మధ్యలో మడతలుగా ఉండే గాలి తిత్తి) లాగినప్పుడు ఒక నాలుక, మూసినప్పుడు ఇంకో నాలుక పలుకుతాయి, కాబట్టి ఒక్కో స్వరానికి రెండు. ఒక మెట్టుకి నాలుగు వరసల రీడ్లున్న పెద్ద పెట్టె అయితే 41 మెట్లకి నాలుగు వరసలు, వరసకి రెండు నాలుకలు, మొత్తం 328, ఇది కుడివైపు లెక్క మాత్రమే. ఈ రీడ్ల పలకల్ని చెక్క దిమ్మెలకి మైనంతో అతికిస్తారు. వీణ మేళంలో మైనం పాతబడితే మెట్టు కదిలినట్టే ఇక్కడా మైనం ఎండి బీటలు వారితే పలక వదులై బర్రుమంటుంది, ఒక్కోసారి ఊడి లోపల పడిపోతుంది. చాలా పలకల మీద గాలి ఒకవైపే పోయేలా చిన్న తోలు ముక్కలుంటాయి, అవి వంకర తిరిగితే స్వరం ఆలస్యంగా పలుకుతుంది. ఇవాళ మూడు మెట్లు పలకట్లేదంటే కారణం దుమ్ము కావచ్చు, అది నిజంగానే చిన్న పని. కానీ మైనం ఎండిపోవడం వల్ల అయితే ఆ మూడింటి మైనం ఎంత పాతదో మిగతావాటిదీ అంతే పాతది, అవి కూడా వరసగా పోతాయి. అప్పుడు పలకలన్నీ ఊడదీసి, కొత్త మైనం పోసి, తోళ్లు మార్చి, మళ్లీ శ్రుతి చేయాలి. ఈ పని రీడ్ల లెక్కన సాగుతుంది, ఆ ఖర్చు మీ 28 వేలని మించిపోయినా నేను ఆశ్చర్యపోను. అంత చిన్న సర్వీసింగే అయితే అమ్మేవాడే చేయించి ఇంకో ఐదు వేలు ఎక్కువకి అమ్ముకుంటాడు కదా?

జర్మనీదా చైనాదా అన్న గొడవ రెండోది. హోనర్ కంపెనీ 1857లో జర్మనీలోని ట్రోసింగెన్ అనే ఊళ్లో మొదలైంది. వెల్ట్‌మైస్టర్ పెట్టెలు తూర్పు జర్మనీలోని క్లింగెన్‌తాల్‌లో తయారయ్యేవి. ఇటలీలో కాస్టెల్‌ఫిదార్దో అనే ఊరు మొత్తం ఈ పనికే పేరుమోసింది. చైనావాళ్ల ప్యారట్ తియాన్‌జిన్‌ది. పేర్లు తెలిసి ఉండటం మంచిదే. కానీ ఒకే కంపెనీ విద్యార్థుల కోసం చవక రకమూ చేసింది, కచేరీ చేసేవాళ్ల కోసం ఖరీదైనదీ చేసింది. పైన అక్షరాలు రెండింటి మీదా ఒకేలా మెరుస్తాయి. అరవై ఏళ్లు అటక మీద పడున్న జర్మన్ పెట్టె కంటే మొన్నటిదాకా ఎవరో వాయించిన చైనా పెట్టే నయం. అకార్డియన్ వాడకపోతే పాడవుతుంది, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. "అస్సలు వాడలేదండీ, కొత్తదానిలా ఉంది" అంటే నాకైతే టెన్షన్ మొదలవుతుంది.

చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు అకార్డియన్ ఉంచిన కేసు మూత తీసి వాసన చూడండి. బూజు వాసన గుప్పుమంటే టీ తాగి, నమస్కారం పెట్టి వచ్చేయండి, ఆ తేమ తోళ్లకీ మైనానికీ రీడ్లకీ చేరే ఉంటుంది. వాసన లేకపోతే భుజాన వేసుకుని, బెలోస్‌కి పైనా కిందా ఉండే పట్టీలు విప్పండి. ఏ మెట్టూ నొక్కకుండా మెల్లగా లాగి చూడండి, గట్టిగా బిగపట్టినట్టు ఉండాలి. తర్వాత లేచి నిలబడి, మెట్లున్న వైపుని రెండు చేతులతో జాగ్రత్తగా పైకి పట్టుకుని బేస్ వైపుని కిందకి వదలండి (పక్కన ఎవరైనా చెయ్యి పెట్టి ఉంచితే మంచిది). మంచి బెలోస్ అయితే తన బరువుకి చాలా నెమ్మదిగా తెరుచుకుంటుంది. రెండు మూడు సెకన్లలో బారుగా జారిపోయిందంటే ఎక్కడో గాలి పోతోంది. మడతల మూలల దగ్గర చెంప ఆనించి చూస్తే గాలి తగులుతుంది, లేదా మెట్ల కింద ఉండే మెత్తలు సరిగ్గా కూర్చోకపోవచ్చు. ఫోటోల్లో తళతళలాడే పెట్టెలు చాలావరకు ఫెయిలయ్యేది ఈ పరీక్షలోనే.

ఆ తర్వాత ఓపిగ్గా ఒక్కో మెట్టూ నొక్కాలి, లాగుతూ ఒకసారి, మూస్తూ ఒకసారి, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. అన్నీ కలిపి ఒకేసారి పాట వాయించి చూపిస్తానంటాడు అమ్మేవాడు, వద్దనండి. పాటలో లోపాలు దాక్కుంటాయి. రిజిస్టర్ మీటలు (ఏ వరస రీడ్లు పలకాలో ఎంచుకునేవి) ఉంటే ప్రతి మీట మీదా ఇదే పని మళ్లీ చేయాలి. మీట మీద గుండ్రటి గుర్తులో మూడు గదులుంటాయి: కింద గదిలో చుక్క ఉంటే మంద్రం రీడు, మధ్యలో ఉంటే మామూలు రీడు, పై గదిలో ఉంటే తార. మధ్య గదిలో ఒకే చుక్క ఉన్న మీట వేసి, ఫోన్‌లో శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ పెట్టి స్వరాలు చూడండి. అన్నీ కలిసి ఒకే కొలతలో కాస్త ఎక్కువో తక్కువో ఉంటే ఇంట్లో ఒక్కరే వాయించుకోవడానికి ఇబ్బంది లేదు. ఒకటి పైకి, పక్కది కిందకి ఉంటే మాత్రం వదిలేయండి. మధ్య గదిలో రెండు చుక్కలున్న మీట మీద ట్యూనర్ ముల్లు ఊగుతుంది, దానికి కంగారు పడొద్దు. ఆ రెండు రీడ్ల మధ్య కావాలనే చిన్న తేడా పెడతారు, స్వరం అలలా వణుకుతూ వస్తుంది. గుడీ సీర్వాయ్, కెర్సీ లార్డ్, ఈనాక్ డేనియల్స్ లాంటి అకార్డియన్ వాద్యకారుల చేతిలో విన్న పాత హిందీ పాటల మజా మీకు కావాలంటే ఆ వణుకు ఉన్న పెట్టే వెతుక్కోండి, అంటే మధ్య వరస రీడ్లు కనీసం రెండు ఉండాలి. 48 బేస్‌లో కూడా ఇది దొరుకుతుంది.

ఎడమవైపు బొత్తాల్లో ఏదైనా లోపలికి దిగి ఉండిపోయిందేమో చూడండి. బేస్ వైపు కడ్డీల అమరిక విప్పడం, మళ్లీ బిగించడం నిజంగా తలనొప్పి పని, చాలామంది రిపేరువాళ్లు దాన్ని ముట్టుకోరు. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో పక్కనుంచి ఒక కన్ను మూసి చూస్తే తెలుస్తుంది.

30 వేలూ ఖర్చు పెట్టేయకండి. 22 వేలది బేరమాడి 20కి తెచ్చుకుంటే మిగిలింది భుజం పట్టీలకీ, రేపెప్పుడైనా వచ్చే రిపేరుకీ. ఇంకొకటి, కొనకముందే రిపేరు చేసే మనిషి ఎవరో కనుక్కోండి. వీలైతే రోజు కూలీ ఇచ్చి చూడ్డానికి ఆయన్ని కూడా తీసుకెళ్లండి. ఆన్‌లైన్లో దూరం ఊరిది అయితే వీడియో అడగండి, మెట్లు ఒక్కొక్కటీ నొక్కుతూ, బెలోస్ వేలాడదీస్తూ తీసిన వీడియో. "ట్రాన్స్‌ఫర్ అయింది, ముందు అడ్వాన్స్ కొట్టండి, పార్శిల్ చేస్తా" అనేవాళ్లకి రూపాయి కూడా పంపొద్దు.

ప్రశ్న: మాస్టారూ, నేను పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తాను. ఇరవై ఏళ్ల అనుభవం. నాటకాలు తగ్గాయి, లైట్ మ్యూజిక్ ప్రోగ్రాములకి అకార్డియన్ ఉంటే బాగుంటుందని కుర్రాళ్లు అంటున్నారు. హార్మోనియం వచ్చినవాడికి ఇది తేలికేనా? పాతది కొంటే మా హార్మోనియం రిపేరు చేసే ఆయనే చూసుకుంటానంటున్నాడు, ఇవ్వొచ్చా?
– ఒక హార్మోనిస్టు, తెనాలి

జవాబు: కుడిచెయ్యి మీకు వచ్చేసినట్టే. కానీ రెండు విషయాలు మొదటి నెల ఏడిపిస్తాయి. ఒకటి, మెట్లు కనపడవు. హార్మోనియం మీద కళ్లు పెట్టి వాయించే అలవాటుంటే ఇక్కడ మెడ వంచి వంచి నొప్పి తెచ్చుకుంటారు, చూడకుండా తడుముకోవడం అలవాటు చేసుకోండి. రెండోది, హార్మోనియంలో ఎడమచెయ్యి గాలి కొట్టి వదిలేస్తే లోపల నిలవ ఉంటుంది. అకార్డియన్లో నిలవ లేదు, బెలోస్ ఎటు తిరిగితే పాట అక్కడ ఊపిరి తీసుకుంటుంది, పైగా అదే చెయ్యి బేస్ బొత్తాలు కూడా నొక్కాలి.

మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఎడమవైపు బొత్తాల వరస మన లెక్కకి భలే దగ్గర. ఏ బొత్తాన్ని సా అనుకున్నా దాని పైది పా, కిందది మా. పక్క వరసలో సా సరసన ఉండేది అంతర గాంధారం. అదే అమరిక మొదటి నుంచి చివరిదాకా. ఒకటి శ్రుతిలో (అంటే C) వేళ్లు ఎలా పడతాయో నాలుగు శ్రుతిలోనూ అలాగే పడతాయి, చెయ్యి జరపడమే. ఒకటి శ్రుతి బొత్తం మీద చిన్న గుంట ఉంటుంది, చీకట్లో కూడా దొరుకుతుంది.

కానీ మీ పాటగాళ్లు ఐదున్నర శ్రుతిలో (అంటే G#) పాడేవాళ్లయితే కొనేముందు బేస్ నిలువు వరసలు లెక్కపెట్టండి. 48 బేస్ అని ఉన్నా అన్నీ ఒకేలా ఉండవు. కొన్నిట్లో 12 నిలువు వరసలు, వరసకి నాలుగు బొత్తాలు. కొన్నిట్లో ఎనిమిదే వరసలు, వరసకి ఆరు. ఎనిమిది వరసలదైతే ఐదున్నర శ్రుతి బొత్తమే ఉండకపోవచ్చు. 12 వరసల దాంట్లో ఉంటుంది కానీ అంచుకి దగ్గర. మీకు 72 బేస్ అయితే సుఖం. హార్మోనియంలో ఉన్నట్టు మెట్లు జరిపి శ్రుతి మార్చే స్కేల్ ఛేంజర్ ఉండదు మరి.

రిపేరు విషయం. మీ ఆయన పనిమంతుడే అయ్యుండొచ్చు. కానీ హార్మోనియం రీడు ఇత్తడి, గాలి ఒకవైపే కాబట్టి ఒక్కో స్వరానికి ఒక నాలుక చాలు, తోలు ముక్కల పని ఉండదు. అకార్డియన్‌ది ఉక్కు, రెండు నాలుకల్లో ఒకటి దిమ్మె లోపలికి తిరిగి ఉంటుంది, దాన్ని అందుకోవడానికే ఒక నేర్పు కావాలి. నాలుక కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది, ఈ సూత్రం రెండింటికీ ఒకటే, కానీ ఉక్కు మీద ఎక్కువ గీకేస్తే మళ్లీ పోసేది లేదు. బెలోస్ అతుకులు, మెట్ల కింద మెత్తలు, పట్టీలు లాంటివి ఆయనకి ఇవ్వండి, నిశ్చింతగా. రీడ్లకి శ్రుతి చేయడం మాత్రం ఇంతకుముందు అకార్డియన్ విప్పి బిగించానని చెప్పి, ఆ పెట్టె చూపించగలిగితేనే ఇవ్వండి.

పద్యానికి మాత్రం హార్మోనియం వదలకండి. రాగం తీసి నిలబెట్టేచోట అకార్డియన్ బెలోస్ తిప్పుడు అడ్డొస్తుంది, నాకు ఎప్పుడూ అతకలేదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా తమ్ముడి కొడుకు జర్మనీలో స్టట్‌గార్ట్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. అక్కడ పాత సామాన్ల సంతలో హోనర్ అకార్డియన్ 60 యూరోలే అని ఫోటో పంపాడు. మెట్లు లేవు, రెండు వైపులా బొత్తాలే. అంత చవగ్గా వస్తుంటే మా అమ్మాయికి తెప్పించనా? తనకి కీబోర్డు వచ్చు.
– ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: ఆగమ్మా, డబ్బు కట్టొద్దని ఇప్పుడే మెసేజ్ పెట్టండి. అక్కడ పాతవి చవగ్గా దొరికేది నిజమే. ఒకప్పుడు ఇంటింటా నేర్చుకున్న వాద్యం అది, తాతలవి ఇప్పుడు మనవలు అమ్మేస్తున్నారు. కానీ ఈ బొత్తాల పెట్టెల్లో చాలావరకు ఒక బొత్తాన్ని లాగుతూ నొక్కితే ఒక స్వరం, మూస్తూ నొక్కితే ఇంకో స్వరం పలుకుతుంది. హోనర్‌లో 'క్లబ్' అని రాసి ఉండేవి ఈ రకమే. వాళ్ల జానపద పాటలకి బంగారంలా ఉంటుంది, మన పాటకి సరిగమలే తిన్నగా రావు. మీ తమ్ముడి కొడుకుని ఒకే బొత్తం నొక్కి ఉంచి లాగి, మూసి చూడమనండి. స్వరం మారితే వదిలేయాలి. మారకపోతే అది క్రోమాటిక్ బొత్తాల రకం, మంచి వాద్యమే, కానీ మీ అమ్మాయికి వచ్చిన కీబోర్డు దానికి పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి, నేర్పేవాళ్లు మన దగ్గర దొరకడం కష్టం.

పియానో మెట్లున్న 48 లేదా 60 బేస్ చూడమనండి. అక్కడివాళ్లు ఇంటికి పిలిచి చూపిస్తారు కాబట్టి పైన ఖమ్మం ఆయనకి చెప్పిన పరీక్షలన్నీ చేయించండి. తెచ్చేటప్పుడు గట్టి పెట్టెలో పెట్టి, వీలైతే చేతి సామానుగా తేవాలి, ఆ విమానం కంపెనీ కొలతలు, కిలోలు ముందే చూసుకోవాలి. కొన్న రసీదు దగ్గర పెట్టుకోమనండి, కస్టమ్స్‌లో అడిగితే చూపించడానికి. అన్నట్టు హోనర్ పుట్టిన ట్రోసింగెన్ అదే రాష్ట్రంలో ఉంది, అక్కడ ఈ వాద్యాల మ్యూజియం కూడా ఉంది, సెలవు రోజున వెళ్లి రమ్మనండి.

ప్రశ్న: కాకినాడలో ఉంటాం, సముద్రపు గాలి. కొన్న అకార్డియన్‌ని ఎలా దాచుకోవాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: దాచకండి, వాయించండి. రోజూ పది నిమిషాలు గాలి ఆడితే సగం జబ్బులు రావు. పెట్టెలో పెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టొద్దు, వాయించేటప్పుడు ఎలా నిలబడి ఉంటుందో అలాగే, అడుగున ఉండే చిన్న కాళ్ల మీద నిలబెట్టండి. పడుకోబెడితే తోలు ముక్కలు తమ బరువుకి వంగి, అలాగే బిగుసుకుపోతాయి. పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మార్చండి. కూలర్ ఎదురుగా పెట్టొద్దు. ఎండలో ఆపిన కారులో అసలే వద్దు, మే నెలలో ఒక్క మధ్యాహ్నం చాలు మైనం మెత్తబడి పలకలు జారడానికి. చెమట చేత్తో వాయించాక మెట్లని పొడిగుడ్డతో తుడవండి. తడిగుడ్డ, స్పిరిట్ వద్దు. గట్టిగా పలకట్లేదని కిరసనాయిలు, కొబ్బరినూనె లోపల వేసేవాళ్లు ఉన్నారు, వాళ్లని పెట్టె దగ్గరకి రానీయకండి.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. ఆన్‌లైన్లో 17 మెట్లు, 8 బేస్ కొత్తది నాలుగు వేలకి వస్తోంది. పాతవాటి గొడవ లేకుండా అదే కొనేస్తే?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: ఆడుకోవడానికైతే కొనండి. నేర్చుకోవడానికి వద్దు. వాటిలో శ్రుతి నిలవడం అరుదు, బెలోస్ బిరుసుగా ఉండి పిల్లలు లాగలేక విసిగిపోతారు, చెడిపోతే విప్పి బాగుచేసేలా కూడా ఉండవు. ఎనిమిదేళ్లవాడికి 25 మెట్లు, 12 బేస్ పాతది దొరికేదాకా ఆగండి, మూడు నాలుగు కిలోల్లో వస్తుంది. అందాకా ఇంట్లో హార్మోనియం ఉంటే దాని మీద సరళీ స్వరాలు మొదలుపెట్టించండి. దొరికాక వాణ్ణి కూడా వెంట తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్లో పెట్టి చూడండి. పెట్టె పైఅంచు గడ్డానికి తగులుతుంటే అది వాడికి పెద్దది.